బేతంచెర్ల పెళ్ళివారి షాంపేన్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను బెంగుళూరు నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. హైవే పక్కన మా కంపెనీ కొత్తగా కట్టిన హోటల్లో ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్‌గా అది నా చివరి పోస్టింగ్. ఈ హోదా గురించి ఒక మాట చెప్పాలి. వంటగదికి చెఫ్ ఉంటాడు. వండింది, పోసింది అతిథి ముందుకు ఎలా చేరాలన్నది మాత్రం ఈ మేనేజర్ బాధ్యత. రెస్టారెంటు, బారు, విందు హాళ్ళు అతని కిందే ఉంటాయి. జనరల్ మేనేజర్ ఒక్కడే అతనికి పైవాడు. నేను రాజంపేటలో పుట్టి, స్టీవార్డుగా, అంటే బల్ల దగ్గర వడ్డించేవాడిగా చేరి, మెట్టు మెట్టుగా ఆ కుర్చీదాకా వచ్చాను. మా బంధువులకు మాత్రం నేను రిటైరయ్యేదాకా హోటల్లో సర్వర్నే. వాళ్ళను సరిదిద్దడం ఎప్పుడో మానుకున్నాను.

బెంగుళూరులో ఉండగా కంపెనీ నాకు వైన్ల గురించి ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించింది. కర్నూల్లో ఆ చదువుతో పనేం ఉంటుందిలే అనుకున్నాను. చేరిన కొద్ది రోజులకే మద్దిలేటిరెడ్డి గారు వచ్చారు.

ఆయనకు బేతంచెర్లలో నాపరాయి గనులు, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. కూతురు హారిక పెళ్ళి. పెళ్ళి వాళ్ళ ఊళ్ళో, దానికి రెండు రోజుల ముందు సంగీత్ మా లాన్‌లో. సంగీత్ అనే మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ పలికి ఉండరు. కానీ వీడియోల్లో చూశారు కనుక కావాలి. ఆయన బావమరిది జయరాం కూడా వచ్చాడు. జయరాం రెండుసార్లు దుబాయి వెళ్ళొచ్చాడు. విదేశీ వ్యవహారాల్లో ఆ కుటుంబానికి ఆయన మాటే శిలాశాసనం.

"ఏమప్పా మేనేజరూ, పోయిన నెల నంద్యాల పెండ్లిలో షాంపేన్ పోసినారంట. మా దాంట్లో దానికంటే పెద్దది ఉండాల," అన్నారు మద్దిలేటిరెడ్డి.

పెద్దదంటే ఏ విషయంలో అని అడిగాను.

"పెద్దదంటే పెద్దదే. చూసినోళ్ళు శానా దినాలు చెప్పుకోవాల."

ఆయన జీవితంలో షాంపేన్ తాగలేదు. విస్కీలో సోడా పోసుకుని తాగే మనిషి. తాగనిదాన్ని కొనడానికి రావడంలో తప్పేమీ లేదు. తెలియనిది అడిగితే చెప్పడానికే మాకు జీతం. ఆ రోజు ఆయన గానీ, బావమరిది గానీ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్చిన టవర్ ఉండాలన్నారు. దాని మీద వధూవరులిద్దరూ షాంపేన్ పోయాలి. పైనుంచి డ్రోన్ కెమెరా తీయాలి. నేను రాసుకున్నాను.

సరుకు ఎలా వస్తుందో కూడా చెప్పాను. మా బారు లైసెన్సు మీద ప్రభుత్వ డిపో ద్వారానే తెప్పించాలి. ఏది ఎంత కావాలో రాసి ముందుగా ఇండెంటు పెట్టాలి, వేడుకకు అనుమతి వేరే తీసుకోవాలి. జయరాం నవ్వాడు. "ఇంతదానికి డిపో ఎందుకప్పా? బెంగుళూరు నుంచి కారు డిక్కీలో ఏసుకోని వస్తా. చెక్‌పోస్టులో మనోళ్ళే ఉండారు." అలా వచ్చిన సీసా ఒక్కటి కూడా మా ఆవరణలో తెరవడానికి వీల్లేదని చెప్పాను. నన్ను పనికిరాని మనిషిగా ఆయన తేల్చుకున్నది ఆ క్షణంలోనే అనుకుంటాను.

పెద్ద విందులకు పానీయం ఎంచే ముందు ఆతిథ్యం ఇచ్చేవారిని పిలిచి రుచి చూపిస్తాం. దానికొక పద్ధతి ఉంది. తీపి లేనివి ముందు, తీపివి తర్వాత. మధ్యలో మంచినీళ్ళు, నాలుక శుభ్రపడటానికి ఉత్త బ్రెడ్డు ముక్క. ఒక మధ్యాహ్నం మా రెస్టారెంటులో మూడు రకాలు సిద్ధం చేశాను. మద్దిలేటిరెడ్డి, జయరాం, వాళ్ళ వెంట హారిక వచ్చారు. హారిక బెంగుళూరులో పళ్ళ డాక్టరు. ఆ అమ్మాయి కుర్చీ కొంచెం వెనక్కి లాక్కుని కూర్చుంది.

బ్రెడ్డు చూసి జయరాం చికెన్ అరవై ఐదు తెమ్మన్నాడు. మొదటి సీసా నా చేతిలోంచి తీసుకుని బాగా ఊపి, మూత లేపాడు. అది తుపాకీలా పేలి సీలింగులోని లైటుకు తగిలింది. సగం షాంపేన్ తివాచీ మీద పడింది. షాంపేన్ సీసాలో కారు టైర్లో గాలికంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. మూతను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పాలి. నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు రావాలి. చప్పుడు ఎంత పెద్దదైతే లోపలి బుడగలు అంత నష్టం. ఇది చెప్పబోయాను. జయరాం అప్పటికే బావకు తానే పాఠం చెప్తున్నాడు: "సౌండు రావాల బావా. సౌండు లేకుంటే డూప్లికేట్ అని అర్థం."

మొదటిది బ్రూట్, అంటే చక్కెర దాదాపు లేని రకం. మద్దిలేటిరెడ్డి ఒక గుక్క తాగి మొహం ముడిచారు. "పులిసిపోయిండాది కదప్పా ఇది. పాడైందేమో చూడు." జయరాం దాంట్లో కాస్త స్ప్రైట్ కలపమన్నాడు. రెండోది కూడా అలాంటిదే, ఇంకా ఖరీదైనది. దాన్ని కూడా పక్కన పెట్టారు. మూడోది డెమీ సెక్, కొంచెం తీపి రకం. మన కారం వంటల పక్కన ఇదే నిలబడుతుందని నా అనుభవం. ఘాటైన మాంసం తిన్న నాలుకకు బ్రూట్ చేదుగా తగులుతుంది. ఆయన డెమీ సెక్ తాగారు, మళ్ళీ పోయమన్నారు, బాగుండాదన్నారు. జయరాం కూడా తలూపాడు. అది మూడింటిలో చవకది అని తెలిశాక ఇద్దరూ గ్లాసులు కింద పెట్టేశారు. పక్కన పెట్టిన రెండోదాన్నే ఖాయం చేశారు. దాని మెడకు బంగారు రేకు మందంగా ఉంది.

అక్కడితో ఆగలేదు. జయరాం నన్ను పక్కకు పిలిచి, ముందు వరుసలోని పెద్దమనుషులకు అసలుది పోసి, ఆ ఖాళీ సీసాల్లో నాసిరకం నురగ వైన్ నింపి వెనక వరుసలకు పంపిస్తే ఎవరికీ తెలియదు కదా అన్నాడు. అతిథి చూసిన లేబులు ఒకటి, తాగేది ఇంకొకటి అయితే నా ఉద్యోగమే కాదు, హోటల్ లైసెన్సు కూడా పోతుందని చెప్పాను. పోయేదేదీ లేకపోయినా ఆ పని చేసేవాణ్ణి కాదు. అది ఆయనకు చెప్పినా అర్థం కాదని చెప్పలేదు.

వెళ్ళబోతూ హారిక అడిగింది: "సార్, ఇట్లా నురగ వచ్చేదాంట్లోనే మందు లేనిది ఉంటాదా?"

జయరాం గట్టిగా నవ్వాడు. "పెండ్లికూతురు కూల్ డ్రింక్ అడుగుతాంది, రాసుకో మేనేజరూ."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, రెస్టారెంటు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నిన్న అడిగింది ఆటకు కాదంది. పెళ్ళికొడుకు ప్రతాప్‌ది కడప జిల్లా. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే కుటుంబం, ఆఫీసు అతనే చూసుకుంటాడు.

"ప్రతాప్ తాగేటోడు సార్. శానా తాగేటోడు. పొద్దున లేస్తానే మొదలుపెట్టేటోడంట. బెంగుళూరులో ఆస్పత్రిలో చేరి మానేసినాడు. పెండ్లిచూపుల్లో ఇద్దరూ మాట్లాడుకోండని గదిలోకి పంపితే, నాతో మొదట చెప్పింది ఈ మాటే. ఒక్క గుక్క పడినా మళ్ళా మొదటికొస్తాదని డాక్టర్లు చెప్పినారు. ఆ స్టేజీ మీద అందరి ముందర గ్లాసిచ్చి తాగమంటే ఏం చేయాల?"

మీ నాన్నగారికి చెప్పలేరా అని అడిగాను.

"తాగుతాడు అంటే మా నాయన ఒప్పుకుంటాడు సార్. ఆస్పత్రిలో ఉండి మానేసి వచ్చినాడంటేనే ఒప్పుకోడు."

ఆ మాట విని నవ్వు రాలేదు. అది నిజమని నాకు తెలుసు. మా వృత్తిలో మంచి చెయ్యి ఉన్న బార్‌మెన్లు కొందరు తాగుడుకు బలై చనిపోవడం చూశాను. వాళ్ళు పోయాక పదిమందీ పొగిడారు. మానేద్దామని చికిత్సకు వెళ్ళొచ్చినవాణ్ణి మాత్రం మా క్యాంటీన్‌లోనే వేళాకోళం చేశారు.

ఆమెను, ప్రతాప్‌ను ఇంకోరోజు రమ్మన్నాను. ఈసారి రుచి చూపించే బల్ల మీద రెండే సీసాలు పెట్టాను. ఒకటి మద్యం తొలగించిన నురగ వైన్. అలాంటి వాటిని మామూలు వైన్‌లాగే తయారుచేసి తర్వాత మద్యం తీసేస్తారు. కానీ పూర్తిగా పోదు, ఆనవాలు మిగులుతుంది. ఆ సంగతి ముందే చెప్పాను. ప్రతాప్ సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేశాడు.

"ఇది వద్దు సార్. వాసన అదే."

రెండోది తెల్ల ద్రాక్షరసం, గ్యాస్ పట్టించినది. బిరడా, రేకు, సీసా ఆకారం అన్నీ షాంపేన్ మాదిరే ఉంటాయి. ఇందులో పులియబెట్టడమనేదే లేదు. అతను తాగి చూశాడు. "సోడా మాదిరుండాది. పర్వాలేదు. గ్లాసు పట్టుకోమంటే పట్టుకుంటా సార్. దాంట్లో ఏముండాదో నాకు తెలిసుంటే సాలు."

నా ఉద్యోగంలో ఎన్నో పెళ్ళిళ్ళకు షాంపేన్ ఎంచాను. తాను తాగబోయేదాన్ని అంత శ్రద్ధగా పరీక్షించి ఎంచుకున్న పెళ్ళికొడుకును ఇంకొకణ్ణి చూడలేదు. ఆ సీసాకు వేరే లేబులు అంటించలేదు, దాన్ని దాచనూ లేదు. వధూవరుల పక్కన చిన్న బల్ల మీద, మంచు బకెట్లో, తెల్ల రుమాలు చుట్టి పెట్టాలని, వాళ్ళిద్దరికీ నేనే స్వయంగా పోయాలని ఏర్పాటు. అడిగినవారికి నిజం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడగనివారికి చెప్పాల్సిన పని లేదు.

సంగీత్ సాయంత్రం సూర్యుడు దిగినా లాన్ చుట్టూ పరిచిన బండలు సెగ కక్కుతూనే ఉన్నాయి. హాల్లో ఏసీలో పెడదామంటే డ్రోన్‌కు కనపడదని ఒప్పుకోలేదు. టవర్‌కు వెడల్పు మూతి గ్లాసులు వాడాలి, ఒకదాని మీద ఒకటి నిలవడానికి. ఆ మూతిలో బుడగలు చూస్తుండగానే పోతాయి. పై గ్లాసులో పోసింది కింద వరుసకు చేరేలోపు ఆ వేడికి గోరువెచ్చనౌతుంది. బంగారు రేకు చూసి ఎంచిన ఆ షాంపేన్‌ను ఆ సాయంత్రం అక్కడ ఎవరూ షాంపేన్‌లా తాగలేదు. వచ్చినవాళ్ళలో చాలామంది ఒక చుక్క నాలుకకు తగిలించుకుని, గ్లాసు మొక్కల మధ్య పెట్టి, విస్కీ కౌంటరు యాడుండాదని మా స్టీవార్డులను అడిగారు.

వధూవరులు టవర్ మీద పోశారు. డ్రోన్ తిరిగింది. నేను మా బకెట్లోంచి వాళ్ళిద్దరి గ్లాసులు నింపి ఇచ్చాను. అంతటితో అయిపోవాలి. జయరాం అప్పటికే తాగి ఉన్నాడు. చేతిలో మైకు. టవర్ మీది పై గ్లాసు తీసుకుని ప్రతాప్ ముందుకొచ్చాడు.

"పై గ్లాసు అల్లునిది. ఎత్తిన గ్లాసు దించకుండా తాగాల. అది మన పద్ధతి."

షాంపేన్‌కు మన పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ప్రతాప్ తండ్రి గురివిరెడ్డి ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. కొడుకు సంగతి ఆ లాన్‌లో వధూవరుల తర్వాత తెలిసినవారు ఆయన, నేను. ఆయన తల వంచుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నారు.

అతిథుల మధ్యకు వెళ్ళి మాట్లాడే హక్కు హోటల్ మేనేజర్‌కు లేదు. ఒక్క విషయంలో తప్ప. గాజు పగిలిందని అనుమానం వస్తే ఏ గ్లాసునైనా, ఎవరి చేతిలోంచైనా తీసుకోవచ్చు. నేను వెళ్ళి, "క్షమించండి సార్, ఈ గ్లాసు అంచు పెచ్చు లేచింది," అని తీసేసుకున్నాను. అంచు బాగానే ఉంది. జయరాం ఒక్క క్షణం చూసి, దాని కింది వరుసలోంచి ఇంకోటి తీశాడు.

"ఇన్ని గ్లాసులు పెట్టింది దేనికప్పా? తాగు అల్లుడూ. ఆడపిల్ల మాదిరి నిలబడినావేంది?"

చుట్టూ నవ్వారు. అప్పుడు ప్రతాప్ జయరాం చేతిలోని మైకు తీసుకున్నాడు. గొంతు పెంచలేదు.

"వద్దు మామా. నేను తాగుడు మానేసినా. బెంగుళూరులో ఆస్పత్రిలో ఉండి మానేసినా. ఒక్క గుక్క కూడా తాగకూడదు. హారికకు తెలుసు. మా నాయనకూ తెలుసు."

డీజే పాట ఆపడం ఎవరికీ తోచలేదు. ఆ పాట మోగుతుండగానే జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మద్దిలేటిరెడ్డి లేచి, గురివిరెడ్డి భుజం మీద చెయ్యివేసి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి నన్నూ పిలిచారు. రుమాలు చుట్టిన సీసాలో ద్రాక్షరసం ఉందని జయరాం కనిపెట్టాడు. ఆయన ఆ పెళ్ళిలో దేన్నైనా రుచి చూసి గుర్తుపట్టింది ఆ ఒక్కసారే.

కంపెనీల వాళ్ళు సమావేశాలు పెట్టుకునే గది అది. మద్దిలేటిరెడ్డి నిలబడే ఉన్నారు.

"నీకు తెలుసునా?" అన్నారు నన్ను చూసి.

తెలుసునన్నాను.

"లక్షణంగా నా చేతి అన్నం తింటా, నాకెందుకు చెప్పలేదు?"

ఆయన చేతి అన్నం నేను తినలేదు. ఆయనే మా హోటల్ అన్నం తింటున్నారు. కానీ అది అనలేదు. ఒక అతిథి ఏం తాగుతాడో ఇంకో అతిథికి చెప్పడం మా వృత్తిలో లేదని మాత్రం చెప్పాను.

ఆయన వియ్యంకుని వైపు తిరిగారు. "ఇంత రోగం పెట్టుకోని మా గడప తొక్కినారా బావా? నా పిల్ల బతుకు ఏం కావాల? పెండ్లి నిలిపేస్తా, ఏం చేస్తావు?"

గురివిరెడ్డి, "మావాడు బాగైనాడు బావా. చెప్పుకునేదానికి నోరు రాలేదు," అన్నారు. ఆ మాట కొడుకు కోసం స్టేజీ దగ్గర అని ఉంటే బాగుండేది. నాలుగు గోడల మధ్య అన్నారు.

అంతసేపూ మద్దిలేటిరెడ్డి బాధ దేని గురించో నాకు అర్థమైంది. కుర్రవాడు మళ్ళీ తాగుతాడేమో అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. "మైకులో చెప్తాడా? ఇంతమంది ముందర చెప్తాడా?" అని మాత్రం పదేపదే అన్నారు. జయరాం పక్కన నిలబడి, సగం తాగిన గ్లాసు చేతిలో పట్టుకుని, తాగుబోతు సంబంధం తెచ్చిందెవరని అడుగుతున్నాడు.

తలుపు తోసుకుని హారిక వచ్చింది. వెనకాల వాళ్ళమ్మ. ఇన్నాళ్ళ ఏర్పాట్లలో ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నాకు చెప్పినాడు నాయనా," అంది హారిక. "చూడనీకి వచ్చిన దినమే చెప్పినాడు. నాకు ఇష్టమయ్యే ఒప్పుకున్నా. నువ్వు తాగుతావు. మామ తాగుతాడు. పెండ్లికి ముందర మా అమ్మకు ఎవురన్నా చెప్పినారా?"

మద్దిలేటిరెడ్డి భార్య వైపు చూడలేదు. ఆమె భర్త వైపు చూస్తూనే మాట్లాడింది. "నాకెవరూ చెప్పల్యా. నేను అడగల్యా. ఈ పిల్లోడు అడక్కముందే చెప్పినాడు. పెండ్లి జరుగుతాది. బయట జనం భోజనాలకు కాచుకోనుండారు, పదండి."

ఆమె తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. గురివిరెడ్డి ముందు బయటికి నడిచారు. ఆ తర్వాత మద్దిలేటిరెడ్డి. జయరాం గ్లాసు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, వెళ్ళాడు. నేను వంటగదికి ఫోన్ చేసి బిర్యానీ బయటికి తీయమన్నాను.

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే బేతంచెర్లలో జరిగింది. తరువాత మద్దిలేటిరెడ్డి మా జనరల్ మేనేజర్‌కు ఫిర్యాదు చేశారు. తాను ఎంచిన పానీయం కాకుండా వేరేది పెళ్ళికొడుకుకు పోశామని దాని సారాంశం. నన్ను వివరణ అడిగారు. విందు ఇచ్చేవారు బల్ల మీద ఏముండాలో చెప్పవచ్చు, ఎవరి గొంతులో ఏం దిగాలో చెప్పలేరని జవాబిచ్చాను. అది అక్కడితో ముగిసింది. ఆ పెళ్ళి వీడియోలో టవర్ మీద పోసే దృశ్యం ఉందట, మైకు దగ్గరి దృశ్యం తీసేయించారట. నంద్యాల పెళ్ళికంటే తమదే పెద్దదని జయరాం ఇప్పటికీ చెప్పుకుంటున్నాడని విన్నాను. ప్రతాప్ గురించి నాకు చివరిసారి తెలిసేనాటికి అతను తాగడం లేదు. అలాంటి విషయంలో అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

రిటైరయ్యేలోపు కర్నూల్లో ఇంకా చాలా విందులు చేయించాను. ఏది బ్రూట్, ఏది డెమీ సెక్ అన్న చదువు కొద్దిమందికే అక్కరకొచ్చింది. ఆ బేతంచెర్ల పెళ్ళి తర్వాత మాత్రం నా పని తీరులో ఒకటి మార్చుకున్నాను, నా కింద పనిచేసినవారికీ అదే నేర్పాను. వేడుక మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు తాగేవాళ్ళ గురించి అడగనక్కర్లేదు, వాళ్ళే చెప్తారు. తాగనివాళ్ళెవరో మనమే అడగాలి. అది కూడా వధూవరులను విడివిడిగా, పెద్దలెవరూ పక్కన లేనప్పుడు అడగాలి.